జీపీఎల్ ప్రోగ్రామ్‌కి ప్లగిన్ రాస్తే దాని లైసెన్స్ ఎవరి ఇష్టం?

జీసీసీ ఒక కంపైలర్, అంటే రాసిన కోడ్‌ని కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రామ్. దానికి ప్లగిన్, అంటే తగిలించుకునే అదనపు భాగం, రాసేవాళ్లు తమ కోడ్‌లో ఒక వింత వరుస పెట్టి తీరాలి. ‘ప్లగిన్_ఈజ్_జీపీఎల్_కంపాటిబుల్’ అనే పేరుతో ఒక వేరియబుల్ ఉండాలి. దానికి విలువ ఇవ్వక్కర్లేదు, ఎక్కడా వాడక్కర్లేదు. కానీ ఆ పేరు కనబడకపోతే జీసీసీ ఆ ప్లగిన్‌ని లోడ్ చేయదు. దీని లైసెన్స్ జీపీఎల్‌తో పొసగదు అని ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. జీపీఎల్ అంటే జీసీసీ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని ఏ షరతుల మీద పంచుకోవచ్చో చెప్పే లైసెన్స్. ఈమాక్స్ ఎడిటర్ కూడా 2016లో వచ్చిన 25వ వెర్షన్ నుంచి తన మాడ్యూళ్ల దగ్గర ఇదే వరుస అడుగుతోంది. సాంకేతికంగా చూస్తే దానితో పనేమీ లేదు. అది ఒక రకమైన సంతకం. రేపు గొడవ వస్తే ‘నాకు తెలియదండీ’ అనడానికి వీల్లేకుండా ముందే పెట్టించుకున్న సంతకం.

కంపైలర్ రాసేవాళ్లకి ఈ ప్లీడరు బుద్ధి ఎందుకు పుట్టిందంటే, ప్లగిన్‌కీ, అది తగులుకునే హోస్ట్ ప్రోగ్రామ్‌కీ మధ్య లైసెన్స్ గీత ఎక్కడ పడుతుందో చట్టం తేల్చి చెప్పలేదు. ఆ ఖాళీని ఒక్కో ప్రాజెక్టు ఒక్కో రకంగా నింపుకుంది. అందుకే ‘జీపీఎల్ ప్రోగ్రామ్‌కి ప్లగిన్ రాస్తే నా కోడ్ కూడా జీపీఎల్ అయిపోతుందా’ అన్న ప్రశ్నకి వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ వాళ్లు ఒకటి చెబుతారు, బొమ్మలు దిద్దే గింప్ వాళ్లు ఇంకోటి చెబుతారు. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు.

ముందు జీపీఎల్ ఏమడుగుతుందో చూద్దాం. మొదటి వెర్షన్ 1989లో, రెండోది 1991లో, మూడోది 2007లో వచ్చాయి. మూడింటి సారం దాదాపు ఒకటే. ఈ ప్రోగ్రామ్‌ని నడుపుకోండి, చదవండి, మార్చుకోండి, పంచుకోండి. దీని ఆధారంగా ఇంకోటి తయారుచేసి పంచితే మాత్రం అది మొత్తం ఇదే లైసెన్స్ కింద, సోర్స్ కోడ్‌తో (మనిషి రాసిన అసలు కోడ్‌తో) సహా ఇవ్వాలి. తంటా అంతా ‘దీని ఆధారంగా’ అన్న దగ్గరే ఉంది. హోస్ట్ కోడ్‌ని తీసుకుని నాలుగు వరుసలు మార్చి అమ్మితే ఎవరికీ అనుమానం రాదు. ప్లగిన్ అలాంటిది కాదు. అది విడి ఫైలు, వేరేవాళ్లు సొంతంగా కూర్చుని రాసుకున్నది. హోస్ట్‌లోని ఒక్క వరుస కూడా అందులో ఉండకపోవచ్చు. అయినా హోస్ట్ లేనిదే అది నడవదు. హోస్ట్ ఫంక్షన్లని పిలుస్తుంది, హోస్ట్ డేటాని తీసుకుని మారుస్తుంది, హోస్ట్ పిలిచినప్పుడు పలుకుతుంది.

ఇంకో సంగతి మొదట్లోనే చెప్పేసుకోవాలి. జీపీఎల్ బాధ్యతలు పంచినప్పుడే మొదలవుతాయి. ప్రోగ్రామ్‌ని నడపడం మీద ఆంక్ష లేదని వెర్షన్ 2 సున్నా సెక్షన్‌లోనే రాసి ఉంది. మీ కంప్యూటర్లో జీపీఎల్ ప్రోగ్రామ్‌కి సోర్స్ ఇవ్వకుండా మూసి ఉంచిన ప్లగిన్ తగిలించి వాడుకుంటే మిమ్మల్ని అడిగేవాళ్లు లేరు. కంపెనీ తన సర్వర్ల మీద తన పనికి రాసుకున్న ప్లగిన్‌కీ అంతే. దాన్ని బయటి మనిషికి ఇచ్చిన రోజున లెక్క మారుతుంది. సర్వర్ మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ని నెట్‌వర్క్ ద్వారా వాడేవాళ్లకి కూడా సోర్స్ అందాలనుకున్నవాళ్ల కోసం 2007లోనే ఏజీపీఎల్ వెర్షన్ 3 వచ్చింది, అది వేరే లైసెన్స్. అలాగే, సర్వర్ మీదే ఉండిపోయే పీహెచ్‌పీ ఫైళ్లకీ, పేజీ తెరవగానే చూసేవాళ్ల బ్రౌజర్లోకి దిగే జావాస్క్రిప్ట్‌కీ తేడా ఉంది. రెండోది ప్రతి సందర్శకుడికీ ఒక కాపీ వెళ్తోంది.

సరే, పంచుతున్నాం అనుకుందాం. జీపీఎల్‌ని రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఒక కొలబద్ద చెబుతుంది. హోస్ట్ ప్లగిన్‌ని విడి ప్రాసెస్‌గా (తన మెమరీలో తాను విడిగా నడిచేలా) మొదలుపెట్టి, పైపులతోనో కమాండ్ లైన్ ఆప్షన్లతోనో మాట్లాడితే మామూలుగా అవి రెండు వేర్వేరు ప్రోగ్రాములు. ఎవరి లైసెన్స్ వాళ్లది. అలా కాకుండా ప్లగిన్ హోస్ట్‌తో డైనమిక్‌గా లింకై (నడిచేటప్పుడు అతుక్కుని), ఒకరి ఫంక్షన్లని ఒకరు పిలుచుకుంటూ, ఒకే మెమరీలోని డేటా నిర్మాణాలని పంచుకుంటే ఆ రెండూ కలిసి ఒకే ప్రోగ్రామ్. అప్పుడు జీపీఎల్ మొత్తానికీ వర్తిస్తుంది. మధ్యలో ఒక సందేహపు కేసు ఉందని వాళ్లే ఒప్పుకుంటారు: హోస్ట్ ప్లగిన్‌లోని మెయిన్ ఫంక్షన్‌ని ఒక్కసారి పిలిచి, అది పని ముగించి వచ్చేదాకా ఊరుకుంటే ఎటైనా చెప్పొచ్చు. విడి ప్రాసెస్ అయినంత మాత్రాన గట్టెక్కినట్టు కూడా కాదు. లోపలి డేటా నిర్మాణాలని గుట్టలుగా అటూ ఇటూ పంపించుకుంటుంటే అది కూడా ఒకే ప్రోగ్రామ్ అవ్వొచ్చని వాళ్ల వాదన.

ప్రోగ్రామర్లకి ఈ కొలబద్ద నచ్చుతుంది, ఎందుకంటే ఇది వాళ్ల భాషలో ఉంది. కానీ ఇది చట్టం కాదు. లైసెన్స్ రాసినవాళ్ల అభిప్రాయం మాత్రమే. కాపీరైట్ చట్టం లింకింగ్ గురించి గానీ ప్రాసెస్‌ల గురించి గానీ మాట్లాడదు. ఒక రచనలోని భాగం ఇంకో రచనలోకి చేరిందా అని చూస్తుంది. అమెరికాలో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెడితే ఇందులోని చిక్కు తెలుస్తుంది. 1992లో నింటెండో కేసు. గేమ్ జీనీ అనే పరికరాన్ని కన్సోల్‌కి తగిలిస్తే ఆట నడుస్తుండగా కొన్ని విలువలు మారిపోయి ఆటగాడికి అదనంగా ప్రాణాలు వస్తాయి. అది ఆట నుంచి పుట్టిన కొత్త రచన కాదు, తప్పేమీ లేదు అంది కోర్టు. 1998లో డ్యూక్ న్యూకెమ్ 3డీ కేసు. ఆటగాళ్లు సొంతంగా చేసిన 300 లెవెళ్లని మైక్రో స్టార్ కంపెనీ సీడీగా అమ్మింది. ఆ మ్యాప్ ఫైళ్లలో ఆట బొమ్మలేవీ లేవు, ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలో చెప్పే సూచనలే ఉన్నాయి. అయినా అవి డ్యూక్ కథకి కొనసాగింపులు, హక్కుదారు అనుమతి కావాలి అంది అదే కోర్టు. ఒకటి నడుస్తున్న ఆటనే మార్చింది, పాసైంది. ఇంకోటి ఒక్క బొమ్మ కూడా తీసుకోలేదు, ఫెయిలైంది. మీ ప్లగిన్ వీటిలో దేనికి దగ్గర? రెండు వైపులా వాదించగల లాయర్లు దొరుకుతారు. 2021లో ఒరాకిల్, గూగుల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు జావా ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పిలవడానికి వాడే పేర్లూ పద్ధతులూ) కోడ్‌ని గూగుల్ తిరిగి వాడుకోవడం ఫెయిర్ యూజ్ (అనుమతి లేకున్నా చెల్లే వాడకం) అని 6–2 మెజారిటీతో చెప్పింది. ఏపీఐకి అసలు కాపీరైట్ ఉందా లేదా అన్నది మాత్రం తేల్చలేదు.

జీపీఎల్ మీదే నేరుగా తీర్పు వచ్చే అవకాశం ఒకటి జర్మనీలో తగిలింది. లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) డెవలపర్ క్రిస్టోఫ్ హెల్‌విగ్ 2015లో వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద కేసు వేశారు. వీఎంవేర్ తన సొంత మూసిన కెర్నల్‌లోకి ఒక మాడ్యూల్ ద్వారా లినక్స్ డ్రైవర్ల కోడ్‌ని తెచ్చి వాడుతోందని, రెండూ కలిసి ఒకే ప్రోగ్రామ్ అని ఆయన వాదన. ప్లగిన్, హోస్ట్ ప్రశ్నకి ఇంతకంటే సరైన కేసు ఉండదు. హాంబర్గ్ కోర్టు 2016లో దాన్ని కొట్టేసింది. కారణం, ఏ వరుసలు తనవో ఆయన సరిగ్గా చూపించలేదని. 2019లో అప్పీలు కోర్టూ అదే దారిన పోయింది. అసలు ప్రశ్న జోలికి ఎవరూ వెళ్లలేదు. హెల్‌విగ్ ఇక పై కోర్టుకి పోలేదు. వీఎంవేర్ మాత్రం ఆ మాడ్యూల్‌ని తీసేస్తామని చెప్పింది. ఇలాంటివి ఎక్కువగా ఇలాగే ముగుస్తాయి. తీర్పు రాదు, ఎవరో ఒకరు సర్దుకుంటారు.

అందువల్ల ఆచరణలో గీత గీస్తున్నది హోస్ట్ ప్రోగ్రామ్ సొంతదారులే. వాళ్లు ఏమంటారు, ఎంత గట్టిగా అంటారు, మాట కాదంటే ఏం చేయగలరు అన్నవే చివరికి తేల్చుతాయి.

జీసీసీ కథ ఇక్కడ చెప్పాలి. నెక్స్ట్ కంపెనీ తన ఆబ్జెక్టివ్ సీ భాషకి జీసీసీని వాడుకోవాలనుకుంది. తమ భాగాన్ని సోర్స్ లేకుండా ఆబ్జెక్ట్ ఫైళ్లుగా (కంపైల్ అయిపోయిన ముక్కలుగా) ఇస్తాం, జీసీసీతో లింక్ చేసుకోవడం వాడేవాళ్ల పని అంది. తెలివైన ఎత్తే. లింక్ చేసేది వాడేవాడు, వాడేవాడు పంచడు, కాబట్టి ఎవరూ జీపీఎల్‌ని దాటలేదు అన్న లెక్క. జీసీసీనీ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌నీ మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ లాయర్ని అడిగితే ఇది చెల్లదన్నారు. నెక్స్ట్ ఆ కోడ్‌ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేయక తప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు స్టాల్‌మన్ జీసీసీలో ప్లగిన్లకి దారే ఇవ్వనివ్వలేదు. తలుపు తెరిస్తే కంపెనీలు జీసీసీ ముందు భాగాన్ని వాడుకుని, తమ మూసిన ఆప్టిమైజర్‌ని (కోడ్‌ని మెరుగుపరిచే భాగాన్ని) వెనకాల తగిలిస్తాయని ఆయన భయం. లైసెన్స్ కోసం ఒక కంపైలర్ నిర్మాణమే ఆగిపోయిందన్నమాట.

చివరికి తలుపు తెరిచిన పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. జీసీసీతో కంపైల్ చేసిన ప్రతి ప్రోగ్రామ్‌లోకీ జీసీసీ రన్‌టైమ్ లైబ్రరీ (నడిచేటప్పుడు కావలసిన సహాయక కోడ్) కొంత చేరుతుంది. అది జీపీఎల్. ప్రత్యేక మినహాయింపు ఉండబట్టే మీ ప్రోగ్రామ్‌ని మీకు నచ్చిన లైసెన్స్‌తో ఇవ్వగలుగుతున్నారు. 2009 జనవరిలో ఆ మినహాయింపుని తిరగరాశారు. కంపైల్ అయ్యే దారిలో జీసీసీ లోపలి రూపంలో ఉన్న కోడ్‌ని జీపీఎల్‌తో పొసగని పరికరం ఏదైనా తాకితే మినహాయింపు వర్తించదు. మూసిన ప్లగిన్ కొత్త రచనా కాదా అన్న తర్కంతో పనే లేదు. ఆ ప్లగిన్‌తో కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌ని మూసిన లైసెన్స్‌తో అమ్ముకోలేరు, కాబట్టి దాన్ని ఎవరూ కొనరు. ఈ ఏర్పాటు కుదిరాకే 2010లో వచ్చిన జీసీసీ 4.5లో ప్లగిన్లు చేరాయి. అయితే ఆలస్యానికి ఖరీదు కట్టాల్సి వచ్చింది. సరళమైన లైసెన్స్‌తో, విడదీసి వాడుకోగలిగే లైబ్రరీలుగా కట్టిన ఎల్‌ఎల్‌వీఎం, క్లాంగ్ అనే పోటీ కంపైలర్ ప్రాజెక్టులు అప్పటికే ఎదిగిపోయాయి. ఎడిటర్లకీ విశ్లేషణ పరికరాలకీ కంపైలర్ భాగాలు కావలసినవాళ్లు అటు వెళ్లిపోయారు. నా మటుకు నాకు స్టాల్‌మన్ భయం నిజమైనదే అనిపిస్తుంది. కానీ అన్నేళ్లు తలుపు మూసి ఉంచడం వల్ల జీసీసీకే ఎక్కువ నష్టం జరిగింది.

లినక్స్ కెర్నల్ ఇంకో దారి పట్టింది. మామూలు ప్రోగ్రాములు సిస్టమ్ కాల్స్ (కెర్నల్‌ని పని అడిగే మామూలు పద్ధతి) ద్వారా కెర్నల్‌ని వాడుకుంటే జీపీఎల్ అంటదని లినక్స్‌ని మొదలుపెట్టిన టోర్వాల్డ్స్ లైసెన్స్ ఫైల్లోనే రాసిపెట్టారు. కెర్నల్ మాడ్యూళ్ల (కెర్నల్‌కి తగిలించే ప్లగిన్ల) సంగతి వేరు. అవి కెర్నల్ మెమరీలోనే బతుకుతాయి. అయినా ఆయన లింకింగ్ కొలబద్దని పట్టుకోలేదు. ఆ కోడ్ ఎక్కడ పుట్టింది అని చూశారు. ఆండ్రూ ఫైల్ సిస్టమ్ వేరే ఆపరేటింగ్ సిస్టములకి రాసినది, తర్వాత లినక్స్‌కి తెచ్చారు. అది లినక్స్ నుంచి పుట్టిందనడం కష్టం అన్నారు. లినక్స్ కోసమే, లినక్స్ లోపలి వివరాలు తెలుసుకుని రాసిన మాడ్యూల్‌కి ఆ మాట చెల్లదు. నాకు తెలిసినంతలో కాపీరైట్ ఆలోచనకి ఇదే ఎక్కువ దగ్గర.

దాన్ని అమలు చేసేది మాత్రం కోడే. ప్రతి మాడ్యూల్ తన లైసెన్స్ ఏమిటో ప్రకటించాలి. మూసినదైతే కెర్నల్ మీద ‘టెయింటెడ్’ అని మచ్చ పడుతుంది, అలాంటి కెర్నల్ గురించి బగ్ రిపోర్టు పంపితే డెవలపర్లు చూడరు. కొన్ని ఫంక్షన్లు జీపీఎల్ మాడ్యూళ్లకే అందేలా గుర్తు వేసి ఉంటాయి. 2004లో లినక్సెంట్ అనే మోడెమ్ డ్రైవర్ల కంపెనీ దొరికిపోయింది. లైసెన్స్ ప్రకటనలో ‘జీపీఎల్’ అని రాసి, వెంటనే స్ట్రింగ్ ముగిసినట్టు సూచించే సున్నా అక్షరం పెట్టి, ఆ తర్వాత అసలు షరతులు రాసింది. చదివే మనిషికి మొత్తం కనబడుతుంది, కెర్నల్‌కి జీపీఎల్ అన్నంతవరకే కనబడుతుంది. పదే పదే వచ్చే హెచ్చరికలతో వాడుకరులు కంగారుపడుతున్నారని ఆ కంపెనీ సంజాయిషీ. మధ్యలో ఒక చిన్న జీపీఎల్ మాడ్యూల్ పెట్టి, దాని చాటున మూసిన మాడ్యూల్‌ని నడిపించే ఎత్తుని 2020లో 5.9 కెర్నల్‌తో మూసేశారు. పిల్లీ ఎలకా ఆట అది, కోర్టు మెట్లెక్కకుండానే సాగుతోంది.

తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఈ గొడవ తగిలేది వర్డ్‌ప్రెస్ దగ్గరే. హైదరాబాద్‌లో, విజయవాడలో చిన్న వెబ్ కంపెనీలు, ఇంట్లో కూర్చుని ఫ్రీలాన్స్ చేసేవాళ్లు రోజూ ప్లగిన్లూ, సైట్ రూపాన్ని మార్చే థీములూ రాసి క్లయింట్లకి ఇస్తుంటారు. ఆ పని ఏ లైసెన్స్ కింద ఇస్తున్నారో ఒప్పందంలో రాసుకునేవాళ్లు తక్కువ.

వర్డ్‌ప్రెస్ వైఖరిలో దాపరికం లేదు. ప్లగిన్లూ థీములూ వర్డ్‌ప్రెస్ ఫంక్షన్లతో కలిసి ఒకే పీహెచ్‌పీ ప్రాసెస్‌లో నడుస్తాయి కాబట్టి వాటికీ జీపీఎల్ అంటుతుంది అంటారు. 2009లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకి న్యాయ సలహా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్‌ని అడిగితే వాళ్లు థీమ్‌ని రెండుగా విడదీసి చూశారు. పీహెచ్‌పీ భాగానికి జీపీఎల్ వర్తిస్తుంది, బొమ్మలకీ, పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌కీ వర్తించదు. మరుసటి ఏడాది థీసిస్ అనే పేరున్న థీమ్ అమ్మే క్రిస్ పియర్సన్ దీన్ని ఒప్పుకోనన్నారు. వర్డ్‌ప్రెస్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన మ్యాట్ మల్లెన్‌వెగ్‌తో బహిరంగంగానే వాదన జరిగింది. థీసిస్ వర్డ్‌ప్రెస్‌ని వాడుకుంటుందే తప్ప దాని నుంచి పుట్టలేదన్నది పియర్సన్ మాట. ఆ వాదనలో కొంత బలం ఉంది కూడా. కానీ ఈలోగా థీసిస్ ఫైళ్లు తిరగేసిన డెవలపర్లు అందులో వర్డ్‌ప్రెస్ కోడ్ వరుసలకి వరుసలు దిగి ఉన్నాయని చూపించారు. అక్కడితో పేచీ సగం చచ్చిపోయింది. పిలవడం వేరు, కాపీ కొట్టడం వేరు. 2010 జులైలోనే పియర్సన్ పీహెచ్‌పీ భాగాన్ని జీపీఎల్‌కి మార్చారు, మిగతాది తన లైసెన్స్ కిందే ఉంచుకున్నారు. ఈ ‘స్ప్లిట్ లైసెన్స్’ పద్ధతి థీములు అమ్మే మార్కెట్లలో తర్వాత మామూలైపోయింది.

జీపీఎల్ అంటే డబ్బు తీసుకోకూడదని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. ఎంతకైనా అమ్ముకోవచ్చు. కొన్నవాడు దాన్ని ఇంకొకరికి ఇవ్వడాన్ని ఆపలేరు, అంతే. అందుకే ఈ వ్యాపారం కోడ్ మీద కాకుండా ఏడాది పొడుగునా వచ్చే అప్‌డేట్ల మీద, సపోర్ట్ మీద నడుస్తుంది. పేరూ లోగో జీపీఎల్‌తో పోవు, అవి ట్రేడ్‌మార్క్ కిందికి వస్తాయి. క్లయింట్‌కి రాసిచ్చిన ప్లగిన్‌ని లోకం మొత్తానికి బయటపెట్టాలన్న రూలూ లేదు. ఎవరి చేతికి ఇచ్చారో వాళ్లకి సోర్సూ, హక్కులూ ఇస్తే చాలు. పీహెచ్‌పీలో సోర్స్ ఎలాగూ వెళ్తుంది.

మన 1957 కాపీరైట్ చట్టం అమెరికా చట్టంలా ‘పుట్టిన రచన’ (డెరివేటివ్ వర్క్) అన్న భావన మీద కాకుండా అడాప్టేషన్ మీద నడుస్తుంది. సెక్షన్ 2(ఎ) ప్రకారం ఒక రచనని తిరిగి అమర్చడమో మార్చడమో జరిగేలా వాడితే అది అడాప్టేషన్. హోస్ట్ ఫంక్షన్‌ని పిలిచినంత మాత్రాన హోస్ట్‌ని మార్చినట్టు అవుతుందా? ఆ మాటల్ని యథాతథంగా చదివితే కాదనే నాకనిపిస్తుంది. పైగా సెక్షన్ 52(1)(ఎబి), సొంతంగా రాసిన ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం రాబట్టుకోవడాన్ని, అది మామూలుగా దొరకనప్పుడు, ఉల్లంఘనగా చూడదు. ఇంత ఉన్నా, వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌ని మూసి అమ్మి, అమెరికా క్లయింట్ల దగ్గర ఈ సెక్షన్లు చదువుతూ కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీలోకి జీపీఎల్‌తో పొసగని ప్లగిన్‌ని రానివ్వరు. అక్కడ చోటు లేని ప్లగిన్‌ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు తక్కువ.

ఇప్పుడు గింప్ చూడండి. గింప్ కూడా జీపీఎల్లే. కానీ దాని ప్లగిన్లు విడి ప్రాసెస్‌లుగా నడుస్తాయి, వాటికి కావలసిన లైబ్రరీని, మూసిన ప్రోగ్రాములతో కలపడానికి ఒప్పుకునే ఎల్‌జీపీఎల్ కింద ఇచ్చారు. మూసిన ప్లగిన్ రాసుకున్నా అభ్యంతరం లేదని దాని అర్థం. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో పైథాన్ యాడ్-ఆన్లు దాని లోపలి ఏపీఐని వాడతాయి కాబట్టి పంచేటప్పుడు జీపీఎల్‌తో పొసగాలి. బ్లెండర్‌లో మీరు చేసిన బొమ్మా సినిమా మాత్రం పూర్తిగా మీవే.

తిరగేసి చూస్తే ఇంకో ముడి ఉంది. హోస్ట్ మూసినది, ప్లగిన్ జీపీఎల్‌ది అయితే? ప్లగిన్ మొత్తం మీరే రాస్తే మీ లైసెన్స్‌ని మీరు ఉల్లంఘించడం అంటూ ఉండదు. కానీ మీ నుంచి తీసుకుని ఇంకొకరు పంచాలంటే, ఈ ఫలానా హోస్ట్‌తో కలపడానికి అనుమతి ఉంది అని మీరు ఒక మినహాయింపు రాయాలి. వెర్షన్ 3లో ఏడో సెక్షన్ దీనికి చోటిచ్చింది. వేరేవాళ్ల జీపీఎల్ కోడ్ కొంత మీ ప్లగిన్‌లో ఉందా, ఆ మినహాయింపు ఇచ్చే హక్కు మీకు లేదు. ఆడియో రంగంలో దీనితో చాలా అవస్థ పడ్డారు. స్టైన్‌బర్గ్ కంపెనీ, ఆడియో ప్లగిన్లు రాయడానికి కావలసిన తన వీఎస్‌టీ2 కిట్‌ని ఇంకొకరు పంచడానికి ఒప్పుకోలేదు, దాంతో జీపీఎల్ ప్రోగ్రాములు ఆ ఫైళ్లని తమతో పాటు ఇవ్వలేకపోయాయి. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ అనే సంగీత ప్రోగ్రామ్ వాళ్ల దగ్గర ‘వెస్టిజ్’ పేరుతో సొంతంగా తిరిగి రాసుకున్న హెడర్ ఫైలే మిగతా ప్రాజెక్టులకీ దిక్కయింది.

మీరే హోస్ట్ రాస్తున్నారనుకోండి, జీపీఎల్ పెట్టాలనుకుంటున్నారు, ప్లగిన్లు ఎవరైనా ఏ లైసెన్స్‌తోనైనా రాసుకోవచ్చు అన్నది మీ ఉద్దేశం. ఆ మాట మొదటి రోజే లైసెన్స్ ఫైల్లో పెట్టండి. ఇద్దరు ముగ్గురు బయటివాళ్లు కోడ్ పంపించాక కాపీరైట్ మీ ఒక్కరిది కాదు, మినహాయింపు చేర్చాలంటే వాళ్లందరి సంతకాలూ కావాలి. జీసీసీ తన మినహాయింపుని 2009లో మార్చుకోగలిగిందంటే, డెవలపర్ల దగ్గర కాపీరైట్‌ని ఎప్పటికప్పుడు ఫౌండేషన్ పేరున రాయించుకోవడమే కారణం. లినక్స్ అలా రాయించుకోలేదు. వర్డ్‌ప్రెస్ అయితే 2003లో బీ2 అనే జీపీఎల్ ప్రోగ్రామ్ మీదే పుట్టింది. రేపు మల్లెన్‌వెగ్ మనసు మారి మూసిన ప్లగిన్లకి సై అన్నా, ఆ ఒక్క మాటతో లైసెన్స్ మారదు.